మెత్తకర్ర బొగ్గు

నా బావమరిది తగ్బా నన్ను నిలువునా ముంచాడు. కొలిమిలో కరిగించే ఇనపరాయి కోసం ఏటిగట్టు చేనును పెద్దాయన గ్బాతీ దగ్గర కుదువపెట్టాను. కొండ మీద కొలిమి పెట్టినవాడు అది చల్లారేదాకా కొండ దిగకూడదు, పెళ్లాం ముఖం చూడకూడదు. అందుకే బొగ్గు తెచ్చే పని తగ్బాకు అప్పగించాను. వాడు చేవకర్ర బొగ్గు పైన పరిచి, బుట్టల అడుగున మెత్తకర్ర బొగ్గు నింపాడు. నేను బుట్టలు అలాగే కొలిమిలో దిమ్మరించాను. ఇనుము ముద్దకట్టేంత వేడి నిలవలేదు. మూడో రోజు కొలిమి పగలగొడితే అంతా చిట్టెమే, ఎందుకూ పనికిరాని మడ్డి.

"ఎంత పని చేశావురా," అన్నాను. అరిచే ఓపిక కూడా లేదు.

"నా బొగ్గుకేం బావా! నువ్వే చాటుగా మా అక్క దగ్గరికి దిగుంటావు. కొలిమి అలిగింది!"

ఇనుము చూద్దామని వచ్చిన ఊరివాళ్లందరూ నవ్వారు, ఆ మాటే నమ్మారు. నియమం తప్పినవాడికి బాకీ తీర్చే గడువు లేదని గ్బాతీ చేను తీసుకున్నాడు. పెండలం నాటే మట్టికుప్పలు నాలుగు వందలు పట్టే నేల అది.