ఇంగా బక్కెన్ వేలెత్తడం మానేసింది

అమెరికాలో, ఉత్తర డకోటాలో, మా కౌంటీకి షెరీఫ్, అంటే పోలీసు పెద్ద, లైల్ హాగెన్. మా దగ్గర నేరాలు తక్కువ. జైలు ఒకటే గది. అందులో ఆఖరుగా పడుకున్నవాడు లైల్ భార్య వంట మరిగి, విడుదల చేస్తామంటే లాయరును పెట్టుకుని మరీ పోట్లాడాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి లైల్‌కు ఆ వసంతంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఇంగా బక్కెన్‌కు పొగరెక్కిందట.

మా రోడ్ల మీద ఎదురుగా బండి వస్తే, స్టీరింగు వదలకుండా చూపుడు వేలొక్కటి పైకెత్తాలి. నమస్కారమూ అదే, కుశలప్రశ్నా అదే. ఎత్తనివాడు పరాయివాడైనా కావాలి, పగవాడైనా కావాలి. ఇంగా చూస్తే ఎనభై దాటిన మనిషి. స్కూలు బస్సు నడిపి, లైల్‌తో సహా సగం కౌంటీని బడికి మోసిన మనిషి. ఆవిడ ఎవరికీ వేలెత్తడం లేదు!

తప్పు తమదేననుకుని జనం వరసగా పైలు, అంటే పళ్ళు పెట్టి కాల్చే తీపి రొట్టెలు, చేసి ఆవిడకు పట్టుకెళ్ళారు. మా ఊరి ఆర్లో అయితే పుల్లటి రూబార్బ్ కాడల పైలు రెండు ఇచ్చొచ్చాడు.

"అయినా ఎత్తలేదయ్యా షెరీఫూ! నేనే ఏదో వాగుంటానని మా ఆవిడ తిడుతోంది."

"వాగే ఉంటావులే" అన్నాడు లైల్.

నవ్వాడే గాని, మనసులో ఏదో గుచ్చుకుంది. మర్నాడు రోడ్డు పక్కన కారాపి, ఎర్రదీపం వెలిగించి నిలబడ్డాడు. సంగతి ఇంగా చెవిన కూడా పడినట్టుంది. పాత పికప్ ట్రక్కులో వేలెత్తుకుంటూనే వచ్చింది. పోస్టు డబ్బాకు ఎత్తింది. గడ్డిమోపులకు ఎత్తింది. కంచె పక్కనున్న ఆవుకు మరీ మర్యాదగా ఎత్తింది. లైల్ ముందు నుంచి మాత్రం చూడకుండా వెళ్ళిపోయింది.

అప్పుడర్థమైంది లైల్‌కు. పొగరూ కాదు, కోపమూ కాదు. కళ్ళు. బండి తాళాలు తీసుకుంటే ఆ ఒంటరి పొలంలో ఆవిడ ఉండలేదు. తీసుకోకపోతే అదే రోడ్డు మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు.

వెనకాలే వెళ్ళి వంటింట్లో కూర్చున్నాడు.

"పై తినరా లైల్. ఊరంతా తెచ్చి పడేస్తున్నారు. నేను పోయాననుకున్నారా ఏమిటి?"

"మీకు కోపమొచ్చిందనుకుంటున్నారు."

"ఇవాళ వేలెత్తానుగా!"

"ఎత్తారు. ఆవుకు కూడా ఎత్తారు. నాకే ఎత్తలేదు."

ఇంగా పై పళ్ళెం అతని వైపు జరిపింది. "ఆవు ఏమంది?"

"తలూపింది."

ఇద్దరూ నవ్వారు. ముందు ఆగింది ఇంగానే.

"బండి పోతే నన్ను ముసలాళ్ళ ఆశ్రమంలో పడేస్తారురా. అక్కడ కిటికీలోంచి పార్కింగు తప్ప ఏమీ కనపడదు. నాకైతే అదీ కనపడదనుకో."

"మంచు పడ్డ రోజు మేము మెయిన్ రోడ్డు దాకా రాలేకపోతే మీరేం చేసేవారు?"

"గుమ్మం దాకా బస్సు తెచ్చేదాన్ని. తేకపోతే మీ అమ్మలు ఊరుకునేవాళ్ళా?"

"ఇప్పుడు మీ గుమ్మం దాకా మేము బండి తెస్తాం. మీ బస్సెక్కిన ప్రతివాడూ వంతు తీసుకుంటాడు. అడగాల్సింది మిమ్మల్నే."

ఇంగా ఏప్రాన్ జేబులోంచి తాళాలు తీసింది. వెంటనే ఇవ్వలేదు. బొటనవేలితో వాటిని ఒక్కొక్కటే తడిమి, అప్పుడు బల్ల మీద పెట్టింది.

"ఎవడు పడితే వాడి బండి ఎక్కను. ఒక్కొక్కడి డ్రైవింగు చూశాకే."

అన్నంత పనీ చేసింది. ఆదివారం చర్చి అయ్యాక పక్క సీట్లో కూర్చుని, కౌంటీలోని పెద్దమనుషులందరికీ పరీక్ష పెట్టింది. ఆర్లో తప్పాడు. పాస్టరుగారిని రెండోసారి రమ్మంది. షెరీఫ్ తన వంతు వచ్చేసరికి, పాపం, సీటుబెల్టు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"గేరు మార్చరా లైల్" అంది ఇంగా, కళ్ళు మూసుకుని. "ఇంజను ఏడుస్తోంది, వినపడటం లేదూ?"