రెండో టికెట్టు

ఆఫీసులో అతణ్ణి అందరూ సూట్‌కేసుగారనే పిలిచేవారు. నెలలో ఇరవై రోజులు ఊళ్ళు పట్టుకుని తిరిగే మనిషికి అంతకంటే తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది? సీసాల్లో నీళ్ళు నింపే యంత్రాలను బిగించడం, చెడిపోతే బాగుచెయ్యడం అతని పని. ఈసారి పరాయి దేశం. నాలుగు రోజుల్లో మూడు ఊళ్ళు, ఊరికీ ఊరికీ మధ్య విమానం. శుక్రవారం ఉదయానికి మాత్రం ఇంటి దగ్గర ఉండి తీరాలి. ఆరేళ్ళ కూతురికి ఆ రోజు టాన్సిల్స్ ఆపరేషన్. నాన్న పక్కన లేకపోతే ఆస్పత్రి గడప తొక్కేది లేదని ఆ పిల్ల భీష్మించుకుని కూర్చుంది.

"పోయినసారి కూడా ఇలాగే వస్తానన్నావు నాన్నా" అంది బయల్దేరేటప్పుడు. అతనికి మనసు చివుక్కుమంది.

ఆఫీసులో టికెట్లు తీసే అమ్మాయికి జాగ్రత్త ఎక్కువ. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ దేశపు ఫారాల్లో అంతా తలకిందులు. ఏది చెల్లుతుందో తెలియక, ప్రతి విమానానికీ అలా ఒకటి, ఇలా ఒకటి, రెండేసి టికెట్లు తీసిపెట్టింది. తర్వాత ఒకటి రద్దు చేద్దామనుకుంది, మరిచిపోయింది.

మొదటి విమానాశ్రయంలోనే కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ ఆ సంగతి పట్టేసింది.

"మీకు పక్కపక్క సీట్లలో రెండు టికెట్లున్నాయండీ. ఒకటి తీసెయ్యమంటారా?"

"ఎందుకులెండి, ఉండనివ్వండి" అన్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే కాళ్ళు చాపుకోవచ్చు, పోయేది ఆఫీసు సొమ్మే కదా అని అతని ధీమా. నన్నడిగితే ఆ మానవుడు చేసిన తప్పల్లా ఇదొక్కటే.

అనుకున్నట్టే పక్క సీటు ఖాళీ. మోకాళ్ళు అటు తిప్పుకుని దర్జాగా కూర్చున్నాడు. నీళ్ళు తెచ్చిన అమ్మాయి అతనికో గ్లాసు ఇచ్చి, ఖాళీ సీటు ముందున్న బల్ల తెరిచి దాని మీద ఇంకో గ్లాసు పెట్టింది.

"ఇక్కడెవరూ లేరమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి సీటు వైపు చూసింది, అతని వైపు చూసింది, హాస్యమాడుతున్నాడనుకుని నవ్వి ముందుకు వెళ్ళిపోయింది. అతను ఓ కునుకు తీసి లేచేసరికి రెండో గ్లాసు ఖాళీగా ఉంది. నిద్రమత్తులో తనే తాగేసి ఉంటాననుకున్నాడు. మనసు దేనికైనా సరే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటుంది.

రెండో విమానంలో ఆ సర్దుబాటు కుదరలేదు. పక్క సీటు బెల్టు పెట్టి ఉంది. తీద్దామని చెయ్యి వేస్తే సీటు వెచ్చగా తగిలింది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు. దిగేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

ఆ ఊళ్ళో ఫ్యాక్టరీకి వెళ్తే గేటు దగ్గర కాపలా మనిషి వింతగా చూశాడు.

"మళ్ళీ బయటికెప్పుడు వెళ్ళారు సార్? ఇందాకే కదా లోపలికొచ్చారు."

పుస్తకంలో సంతకం అచ్చంగా అతనిదే, సిరా కూడా ఆరలేదు. లోపల యంత్రం చక్కగా తిరుగుతోంది. బోల్టు బిగించాక దాని మీద పసుపు రంగుతో ఒక గీత పెట్టడం ఆ పనిలో ఆనవాయితీ, వదులైతే గీత తప్పి ఇట్టే తెలిసిపోతుంది. అందరూ ఒక గీత పెడితే అతను రెండు పెడతాడు. ఇక్కడా రెండేసి గీతలున్నాయి.

"ఈసారి బాగా చేశారండీ" అన్నాడు సూపర్‌వైజర్. "పోయినసారిలా హడావిడి పడలేదు."

భయపడాల్సింది పోయి, మనవాడికి పని తప్పిందని లోలోపల సంబరమేసింది. హోటల్ గదిలో మంచమ్మీద నడుం వాల్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"మళ్ళీ ఏంటండీ?" అంది భార్య. "ఇప్పటిదాకా గంటసేపు మాట్లాడారుగా. మీరు కథ చెబుతుంటే అది పేచీ పెట్టకుండా అన్నం తినేసింది. మీకు కథలొచ్చని నాకే తెలీదు."

కూతురికి అతను ఏనాడూ కథ చెప్పలేదు. యంత్రాల పని ఎవడు చేస్తే ఏం, చేసుకోనీ. కానీ అది తన పిల్ల.

గురువారం ఉదయం ఆఖరి విమానం. అది అందుకుంటేనే పెద్ద విమానాశ్రయం, అక్కణ్ణించి ఇల్లు. అందరికంటే ముందు పరుగెత్తుకుంటూ కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరు మీద రెండో టికెట్టు ఒకటుంది. అది తీసెయ్యండి. ముందు అది తీసెయ్యండి."

కౌంటర్ మనిషి తెర వైపు చూసి, అతని ముఖం వైపు చూశాడు.

"పది నిమిషాల కింద మీరే వచ్చి తీసెయ్యమన్నారు కదండీ. తీసేశాం. పాస్‌పోర్టు చూపించి లోపలికి కూడా వెళ్ళారు."

అతను జేబు తడుముకున్నాడు. పాస్‌పోర్టు లేదు. సంచీ అంతా నేల మీద కుమ్మరించాడు. లేదు.

అద్దాల అవతల జనం వరసగా విమానం మెట్లెక్కుతున్నారు. వాళ్ళలో ఒక వీపు. ఎవడి వీపు వాడికి తెలియదు కనుక ఆనవాలు పట్టడానికి కాస్త సేపు పట్టింది. గుర్తుపట్టాక పిడికిళ్ళతో అద్దాన్ని బాదాడు. అవతలి మనిషి తిరిగి చూడలేదు. ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నాడు.

శుక్రవారం తెల్లవారాక, అదే హాల్లో బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. కూతురే ఎత్తింది.

"తల్లీ, నేను. నాన్నని. భయపడకమ్మా. ఈసారి నిజంగా వచ్చేద్దామనే బయల్దేరాను, నీ దగ్గరికి రానివ్వలేదు..." ఏడుపు తన్నుకొచ్చి ఇక మాట సాగలేదు.

అటువైపు పిల్ల ఫోన్ పక్కకు పెట్టి ఎవరితోనో చెబుతోంది.

"నాన్నా, ఎవరో అంకుల్. ఏడుస్తున్నాడు. వాళ్ళ పాప దగ్గరికి వెళ్ళలేకపోయాడట."

"అయ్యో, పాపం" అంది అతని గొంతే, అతను ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా. "వచ్చేసారి తప్పకుండా వెళ్ళమని చెప్పు తల్లీ."

పిల్ల బుద్ధిగా ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసింది.