హరీసాకు మళ్లీ భయం నేర్పిన రోజు

హరీసా ఒంటికన్ను ఎర్రపిల్లి. రెండో కన్ను లా గులెట్ చేపల రేవులో ఎవడో విసిరిన రాయికి పోయింది. అప్పటినుంచి మనిషి అలికిడైతే చాలు, పడవల కిందికి దూరేది.

మనూబియా దాన్ని పట్టి తెచ్చి, చలికాలమంతా తన స్నానాలగదిలో ఉంచి మచ్చిక చేసింది. మనుషులంటే భయపడే పిల్లిని ఎవరూ పెంచుకోరు మరి. భయం పోయింది. తీరా తీసుకుంటామన్నవాళ్లు మాట మార్చారు. ఇంకో ఇల్లు దొరకలేదు. "పిల్లి ఉంటుందా, నువ్వుంటావా?" అని ఇంటి యజమాని తేల్చేశాడు.

వదిలేద్దామని తిరిగి రేవుకే తెచ్చి, బోను తలుపు తీయగానే హరీసా పడవల వైపు పోలేదు. తోకెత్తుకుని, వలలు కుడుతున్న వాళ్ల దగ్గరికి నడిచింది.

"నీ రాణిగారిని తీసుకెళ్లవమ్మా!" అంటూ ఒకడు బూటుతో నెట్టాడు. అది ఆ బూటుకే తల రుద్దింది.

"ఇలాగైతే ఇది బతకదక్కా. నువ్వే తరుము," అంది తోడొచ్చిన సిహెమ్.

"నేనా?"

"ఇంకెవరు? నీ మాటే కదా వినేది!"

"పోవే దరిద్రపుదానా!" అని మనూబియా కాలు నేలకేసి కొట్టింది. గులకరాయి తీసి పక్కకు విసిరింది. హరీసా ఉరికి దాన్ని వాసన చూసి, తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఇంట్లో కాగితపు ఉండతో రోజూ ఆడే ఆటే అనుకుంది.

మనూబియా రెండో రాయి పక్కకు విసరలేదు.

కెవ్వుమని హరీసా పడవ కిందికి దూరింది.

"హమ్మయ్య, ఇక బతుకుతుందక్కా," అంది సిహెమ్.

చీకట్లోంచి ఒక్క కన్ను చూస్తోంది. పేరు పెట్టి పిలిచేస్తానేమోనని మనూబియా తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.