ఖనిజశకటమున పురుడు

శ్రావణమాసమున మూడహోరాత్రములు ధారాపాతముగా గురిసి వెలిసిన వానకు అనంతగిరి శిఖరపంక్తులు జలధౌతశ్యామలములై లోయలనుండి లేచు ధవళమేఘములను ఉత్తరీయములవలె భుజములపై దాల్చి ప్రాతఃకాలసూర్యుని మృదుకిరణములలో బ్రకాశించుచుండెను. కొండచఱియలనుండి దుముకు సెలయేళ్ల ఘోషము నడుమ రైలుపట్టాలు ఒక సొరంగమునుండి వెడలి ఉన్నతమైన వంతెన దాటి వేఱొక సొరంగమున దూఱుచుండెను.

ఆ యుదయమున గుమ్మపాడను కొండపల్లెనుండి కొర్రా బుద్రి యను వృద్ధ మంత్రసాని ప్రసవవేదనతో సొమ్మసిల్లిన తన కోడలు డాలిమ్మను డోలీలో బరుండబెట్టి కొడుకును పొరుగువారును మోయగా స్టేషను జేరెను. నూఱు పురుళ్లు పోసిన యా హస్తములు శిశువు ఎదురుకాళ్లతో నున్నదని యెఱిగి తొలిసారి వెనుకాడెను. దిగువనున్న ఆసుపత్రికి బోవు ఘాటురోడ్డు వరదకు గొట్టుకొనిపోయెను. ప్యాసింజరుబండి నాడు లేదు.

“బాబూ, రోడ్డు తెగిపోనాది. పిల్ల బతకదు. ఆ వచ్చే బండి ఆపండి బాబూ!” అని యామె స్టేషను మాస్టరు అప్పలస్వామి కాళ్లపై బడెను.

“అది ఇనపరాళ్ల బండమ్మా, మనుసుల్ని ఎక్కించుకోదు. లెగు, లెగు. పైవోళ్లని అడిగి సూస్తాను” అని యతడు టెలిఫోను చేతబట్టెను.

బుద్రి పట్టాలవంక జూచుచు నిలిచెను. అఱువదియేండ్ల క్రిందట కొండను దొలిచెదమని దొరలు వచ్చినపుడు పల్లెవారందఱును నవ్విరి. ఆమె తండ్రి సుక్రా తట్టలతో రాళ్లు మోసినవాడు. ఇరువైపులనుండి దొలుచుచు వచ్చిన కూలీలు గర్భాంతరమున గలిసిన దినమున పిడికిలియంత రంధ్రముగుండ ఆవలిలోయ గాలి మొగమునకు దగులగా నతడు నేలపై గూలబడి యేడ్చెనట. నాటినుండి ఇనుపరాయి ఆ దారిని అహర్నిశము సముద్రమునకు దరలుచుండెను. దినమున కొకమాఱు ప్యాసింజరుబండి పసుపుమూటలను బడిపిల్లలను విహారయాత్రికులను మోసికొనిపోవుచుండెను. కాని ఖనిజశకటము పల్లెవారికొఱకు నిలుచుట ఆమె యెన్నడును గనలేదు.

అప్పలస్వామి వెలుపలికి బరుగెత్తుకొనివచ్చి “ఒప్పుకున్నారు!” అని కేకవేసెను.

గిరికందరములు ప్రతిధ్వనింప మూడింజనులు గర్జించుచు వచ్చెను. వాని వెనుక సహస్రగజబలమున గూడ నాగదనదగిన యా లోహపర్వతము చక్రములనుండి పొగలు గ్రమ్ముచుండగా మెల్లమెల్లగా నొదిగి ఒక నిఱుపేదరాలికొఱకు నిలిచెను. బుద్రి యప్రయత్నముగా జేతులు మోడ్చెను.

గార్డు మోహనరావు తన పెట్టెలో దుప్పటి పఱచి డాలిమ్మను దానిపై బరుండబెట్టించెను. బండి కదలి సొరంగము జొచ్చినంతనే శిశుపాదములు వెలికివచ్చెను. గార్డు దీపము బట్టగా బుద్రి ఊపిరి బిగబట్టి, తొందరపడక, అంగుళమంగుళముగా శిశువును వెలికిదెచ్చెను. ఆమె బిడ్డ వీపు మెల్లగా దట్టెను. పిమ్మట చక్రనిర్ఘోషము నతిక్రమించి యొక సన్నని రోదనము వినవచ్చెను.

బండి వెలుగులోనికి వచ్చినపుడు గార్డు కన్నులు దుడుచుకొని “మామ్మా, రిపోర్టు రాయాలి. ఏ ఊర్లో పుట్టిందని రాయమంటావు?” అని యడిగెను.

“ఏ ఊరూ కాదు బాబూ. కొండ కడుపులోన పుట్టినాదని రాయి.”

క్రింద దవ్వుల బయలుసీమ విశాలమై కానవచ్చుచుండ, కన్నులు దెఱచిన డాలిమ్మ యెదపై ఆ పసికందు పాలకై వెదకుచుండెను.