తేనె తాడు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటే మా జోసెఫే. అచ్చంపేటలో నా సెల్‌ఫోన్ దుకాణం పక్కనే వాడి వెల్డింగ్ షెడ్డు. దోస్తు కదా అని రోజూ మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్లి మా అశ్విని అక్క చేతి అన్నం పెట్టించాను. దొరవారు అన్నంతో ఆగలేదు.

ఆ సంగతి చెప్పడానికే ఆదివారం నన్ను మన్ననూరు కొండల మీదికి తీసుకొచ్చాడట. జీపు నడిపే సోమయ్య చెంచు పెద్దాయన. "అంచుకు పోకుండ్రి, వానకు బండలు జారుతున్నయ్" అని చెప్పి జీపు దగ్గరే ఆగాడు. వింటే మేమెందుకవుతాం? లోయ అంచునే నిలబడ్డాం.

"గోపీ, కోపం చేయకు. అశ్విని, నేను పెండ్లి చేసుకుందామనుకుంటున్నం."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎప్పటి సంది?"

"ఏడాదాయె."

"ఏడాది సంది నా పక్కన కూసోని తినుకుంట నాకే చెప్పలే? మీకు చర్చి, మాకు గుడి. మా నాయిన ఊకుంటడా? సోయి ఉందారా నీకు?"

"నువ్వు కాదంటే పెండ్లే వద్దన్నది అశ్విని. అందుకే ముందుగాల నిన్ను అడుగుతున్న."

"అబద్ధం!"

కావాలంటే చూడు అని అక్క పంపిన మెసేజ్ తీశాడు. నేను ఫోన్ లాక్కున్నాను. వాడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తడి బండ. ఫోన్ నా చేతిలో ఉంది, వాడు లేడు.

తొంగిచూశాను. కొంచెం కింద, చిన్న రాతి అరుగు మీద మోకాళ్లూని, బండ పగులులో మొలిచిన చెట్టును వాటేసుకుని ఉన్నాడు. అరుగు కింద ఇక లోయే. చెట్టు వేళ్ల దగ్గర మట్టి రాలుతోంది.

సోమయ్య తాడుతో ఉరికొచ్చాడు. ఒక కొస కిందికి విసిరితే జోసెఫ్ నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస నేను అందుకోబోతే సోమయ్య నా చెయ్యి నెట్టేశాడు.

"నూకినవా?"

"అయ్యో, లేదు పెద్దయ్యా! జారిండు!"

"మీ లొల్లి నేనిన్న. కోపం మీదున్నోని చేతికి తాడియ్య."

"ఒక్కనివి గుంజలేవు! వాడు దున్నపోతు లెక్కుంటడు!"

సోమయ్య తాడు బిగించి పట్టుకునే నా వైపు తిరిగాడు. "తేనెకు కొండ దిగితే మా చెంచుల్ల తాడు పెండ్లాం తమ్ముడే పడతడు. తోడబుట్టినోడన్న ఇడుస్తడేమో, బావమరిది ఇడువడు. అక్క తాళి ఆ తాడుకే ఉంటది. నువ్వాయనకు ఏమైతవు?"

"గోపీ, చెట్టు ఊడుతుందిరా!" కింద నుంచి జోసెఫ్ కేక.

దోస్తునంటే ఈయన వినేలా లేడు. రెండో మాట చెబితే, ఇంటికెళ్లాక దాన్ని మింగలేను. పొద్దున పులిహోర డబ్బా చేతికిస్తూ "ఇద్దరు కలిసి రాండ్రి" అన్న అక్క మొహం కళ్లముందు మెదిలింది.

"బావమరిదినే!" అని అరిచాను. "మా అక్కను చేసుకునేటోడు! తాడియ్యి!"

సోమయ్య నా కళ్లలోకి చూసి తాడు అందించాడు. అంతలోనే చెట్టు ఊడింది. బరువంతా ఒక్కసారి మా మీద పడింది. నా అరచేతుల తోలు లేచిపోయింది. "నువ్వు సస్తే అక్కకు ఏం చెప్పాలెరా గాడిదా!" అని తిడుతూనే గుంజాను. వాడి తల అంచు మీదికి వచ్చాక ఏడ్చాను. సిగ్గేం లేదు, బాగానే ఏడ్చాను.

జీపు మన్ననూరు దిగి సిగ్నల్ అందగానే నా జేబులో వాడి ఫోన్ మోగింది. అశ్విని. జోసెఫ్ నా వైపు చూశాడు గానీ ఫోన్ ఇమ్మని అడగలేదు. నెత్తురంటిన వేలితోనే ఎత్తాను.

"చెప్పినవా? మా గోపి ఏమన్నడు?" అని అడిగింది అక్క.

"నేనే అక్కా," అన్నాను. "బావకు మోకాళ్లు గీసుకపోయినయ్, అంతే. ఇంటికి తోలుకొస్తున్న. నాయినతోని నేను మాట్లాడుత."