సువార్తమ్మ తాగిన నీళ్లు

నేను అర గ్లాసెడు మంచినీళ్లను. నాకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు అని బడిలో పిల్లలకు చెబుతారు. నోరు కూడా లేదనుకుంటారు కాబోలు, ఇంతవరకు ఎవరూ నన్ను మాట్లాడమని అడగలేదు. అడగకపోయినా చెబుతాను. నేను చూసినదాన్ని నా అంత దగ్గరగా చూసినవాళ్లు మరొకరు లేరు.

మనుషులు తేలికైన పనిని "మంచినీళ్లు తాగినట్టు" అంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గుంటూరు పక్కన మిరపకాయల షెడ్డులో ఎండాకాలం ఒక్క పూట కూడా గడిపి ఉండడు.

కృష్ణ కాలువ వెంట వచ్చి, ఊరి ట్యాంకులో కాస్త తేరుకుని, కుళాయిలోంచి సువార్తమ్మ ఇంటి బిందెలోకి దిగాను. ఆమె నలభై దాటిన మనిషి. భర్త యోహాను ఆటో నడుపుతాడు. ఆమె షెడ్డులో మిరపకాయలకు ముచ్చికలు తీస్తుంది. రోజంతా కాయల రాశి ముందు కూర్చుని, ఒక్కొక్క కాయ తొడిమనూ గిల్లి పారేయడం ఆమె పని. ఆ పొద్దున గబగబా చద్దన్నం తిని, నిలబడే గ్లాసు ఎత్తింది. నిండా ముంచిన గ్లాసులో సగం తిరిగి బిందెలో పోసి, మిగతా సగం తాగింది. ఆ సగం నేనే. ఎందుకు వెనక్కి పోసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

లోపలి దారి మాత్రం నాకు నచ్చింది. గొంతు దాటాక అన్నవాహిక నన్ను మెల్లగా కిందికి నెట్టింది. కడుపులో అన్నం మెతుకులు పాపం చాలాసేపు నలగాలి, పులుపులో నానాలి, మెత్తబడాలి. నాకు ఆ బాధ లేదు. నన్ను అరిగించాల్సిన పనే లేదు, నేను వచ్చినదాన్ని వచ్చినట్టే పనికొస్తాను. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. చిన్నపేగులోకి చేరేసరికి దాని గోడలు మఖమల్ గుడ్డలా మెత్తగా, లక్షల నూగుతో ఉన్నాయి. ఉప్పూ చక్కెరా ముందు నడిచాయి, వాటి వెంట నేనూ ఆ గోడలోంచి రక్తంలోకి ఇంకిపోయాను.

అక్కడినుంచి కాలేయం, తర్వాత గుండె. గుండె అంటే ప్రేమలూ కోపాలూ కాపురముండే చోటని వినేదాన్ని. వెళ్లి చూస్తే తీరిక లేకుండా తోడే మోటరు. నన్ను ఊపిరితిత్తులకు పంపింది, వెనక్కి తెచ్చుకుంది, ఒళ్లంతా తిప్పింది. నేను ఒకచోట ముద్దగా ఉండేదాన్ని కాను కదా. నాలో కొంత ఊపిరితో బయటికి పోయింది, కొంత చెమటయింది, కొంత కండల్లో చేరింది, ఇంకొంచెం ఆమె కంటి తడిలో నిలిచింది. బయట జరిగినవన్నీ ఆ కంట్లోంచే చూశాను.

చివరికి మూత్రపిండాల దగ్గరికి చేరాను. నడుముకు అటూ ఇటూ రెండు చిక్కుడు గింజల్లా ఉంటాయి. ఒంట్లో ఉన్న రక్తాన్నంతా రోజూ ఎన్నోసార్లు వడగడతాయి. మురికిని ఉంచుకుని మంచినీటిలో చాలావరకు తిరిగి రక్తంలోకే పంపుతాయి. మిగిలిన కాసిన్ని నీళ్లు మురికిని మోసుకుని మూత్రాశయంలోకి దిగి, బయటికి పోవాలి. నా వంతు వచ్చిందనుకున్నాను.

"వెనక్కి" అని మెదడు దగ్గరనుంచి కబురొచ్చింది. రక్తం చిక్కబడిందట. ఒక్క చుక్క కూడా వృథాగా పోనివ్వొద్దట. మూత్రపిండాలు నన్ను మళ్లీ రక్తంలోకి తోసేశాయి. మరో చుట్టు తిరిగి వచ్చాను. మళ్లీ వెనక్కి. అప్పుడు అర్థమైంది నాకు, ఈమె నీళ్లు తాగడం లేదని.

షెడ్డులో రేకుల కింద గాలి మండిపోతోంది. మిరప ఘాటుకు అందరూ ముక్కులకు చెంగులు కట్టుకున్నారు. గేటు దగ్గర నీళ్ల డ్రమ్ము నిండుగానే ఉంది. బస్తాలు మోసే మగవాళ్లు కడవెడు తాగి, వెనక గోడ దగ్గరికి వెళ్లొస్తున్నారు. మగవాడికి గోడ ఉంటే చాలు. ఆడవాళ్లకు ఒకప్పుడు ఆ గోడ అవతల తుమ్మచెట్లు ఉండేవి. మొన్న చలికాలంలో ఎవరో ఆ స్థలం కొని, చెట్లు కొట్టించి, చదును చేసి ప్లాట్లు వేశారు. అప్పటినుంచి పొద్దున ఇంటి దగ్గర, మళ్లీ సాయంత్రం ఇంటి దగ్గర. మధ్యలో లేదు.

ఆఫీసు గది పక్కన ఒక బాత్రూము ఉంది. దానికి తాళం. తాళంచెవి యజమాని శేషగిరిరావు గారి జేబులో.

సువార్తమ్మ పక్కన కూర్చునే ఖాసింబీ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. సువార్తమ్మ ఆ నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసింది. నా తోటి నీళ్లు గొంతు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి. లోపలున్న నాకు వాటి చల్లదనం మాత్రం తెలిసింది.

"మింగవే, ఎండకు పడిపోతావ్" అంది ఖాసింబీ.

"మింగితే ఏడకి పోవాల? నువ్వు మింగుతున్నావా?"

ఖాసింబీ మిగిలిన నీళ్లు నోట్లో పోసుకుంది. తనూ పుక్కిలించి ఉమ్మింది.

దిగిన నాలుగు చుక్కలే మూత్రాశయంలో పసుపు రంగు ముదిరి, టీ డికాషన్‌లా తయారైంది. కడిగిపారేయడానికి నీళ్లు లేకపోతే అక్కడ క్రిములు కాపురం పెడతాయి. పెట్టాయి. సాయంత్రం ఇంటికి చేరేసరికి సువార్తమ్మకు ఒంటికి పోయేటప్పుడు నిప్పులు కక్కినట్టు మంట. మర్నాటికి నడుములో పోట్లు, వణికించే జ్వరం. యోహాను ఆమెను ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పరీక్ష చేసి, "జబ్బు మూత్రపిండాల దాకా పాకింది. ఇంకా ఆలస్యం చేస్తే అవి పాడైపోతాయి. మందులు రాస్తాను, కానీ నీళ్లు బాగా తాగాలమ్మా. పనిలో ఉన్నప్పుడు కూడా, గంట గంటకీ" అంది.

"తాగుతానమ్మా. మరి పోవడం ఎక్కడికి?"

డాక్టరమ్మ రాసే పెన్ను ఆపింది. తల ఎత్తి సువార్తమ్మను చూసింది.

"దానికి మందులషాపులో ఏమీ దొరకదమ్మా" అంది నెమ్మదిగా. "నువ్వే అడగాలి."

ఇంటి దగ్గర మందులు వేసుకుని, తనివితీరా నీళ్లు తాగి, సువార్తమ్మ లేచింది. నాలో చాలా భాగం ఆ మంచంలో ఉన్నప్పుడే సెలవు తీసుకుంది. మిగిలిన కొంచెం ఆమె కండల్లో, కంట్లో ఉండిపోయింది. అదే ఈ కథ చెబుతున్న నేను. జ్వరం పోయింది గానీ డాక్టరమ్మ మాట మాత్రం పోలేదు. వంట చేస్తూ, తల దువ్వుకుంటూ ఆమె తనలో తనే "నేనే అడగాలంట" అనుకోవడం విన్నాను. అనుకున్నప్పుడల్లా గుండె కొంచెం వేగంగా తోడేది. భయమది. ఒంట్లో ఉన్నదాన్ని, నా దగ్గర దాచలేదు.

మళ్లీ షెడ్డుకు వెళ్లిన రోజు, అన్నాలు తినేటప్పుడు ఆమె ఆడవాళ్లందరితో డాక్టరమ్మ అన్న మాట చెప్పింది. ఒకామె తనకూ చలికాలం నుంచీ మంట ఉందంది. ఇంకొకామెకు మూత్రపిండాల్లో రాళ్లున్నాయట. నెలసరి రోజుల్లో పనికి రావడమే మానేశానని ఒక పిల్ల తల వంచుకుని అంది. పక్కపక్కనే కూర్చుని ఇన్నాళ్లూ ఒకరికొకరు ఆ మాట చెప్పుకోలేదు. ఊరందరి సంగతులూ మాట్లాడుకునే మనుషులు తమ ఒంటి సంగతి దగ్గరికొచ్చేసరికి ఎంత గుట్టుగా ఉంటారో!

"అడుగుదాం" అంది ఖాసింబీ. "అయితే యజమాని రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటాడు."

సువార్తమ్మ లేచి డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. గ్లాసు నిండా ముంచి, ఈసారి సగం వెనక్కి పోయకుండా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని గ్లాసు ఖాసింబీకి అందించింది.

"తాగి పోయి అడుగుదాం. అప్పుడు రేపటిదాకా ఎవరూ ఆగరు."

ఖాసింబీ ఫక్కున నవ్వింది. తాగింది. గ్లాసు చేతులు మారింది. పని చేస్తూ మధ్యమధ్య లేచి మళ్లీ తాగారు. ఆ నీళ్లు లోపలికి వస్తుంటే నాకు పండగలా అనిపించింది. చిక్కబడిన రక్తం పలచబడింది. మెదడు నుంచి వచ్చే "వెనక్కి" అన్న కబురు ఆగిపోయింది. మూత్రపిండాలు తలుపులు బార్లా తెరిచాయి. కండల్లోంచి, కళ్లలోంచి నేనూ కదిలి ఆ గుంపులో కలిశాను. మూత్రాశయం బుడగలా సాగింది. దాని గోడలు సాగిన కొద్దీ పైకి కబురు వెళ్లింది: ఇక లేవాలి.

సువార్తమ్మ లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. ముక్కులకు చెంగులు కట్టుకుని, ఎర్రటి దుమ్ము ఒంటినిండా పూసుకుని, ఆఫీసు పక్కన తాళం వేసిన తలుపు ముందు వరసగా నిలబడ్డారు. గేటు దగ్గర లారీ సరుకు కోసం ఎదురు చూస్తోంది.

శేషగిరిరావు గారు గదిలోంచి బయటికి వచ్చారు. అరవై ఏళ్ల మనిషి, చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఈ వైపు చూడనివాడు, అంతే.

"ఏందమ్మా ఇది? లారీ ఆగిపోయుంటే పని వదిలేసి ఇక్కడ నిలబడ్డారేంది?"

"నీళ్లు తాగామయ్యా" అంది సువార్తమ్మ.

"తాగితే?"

"తాగితే ఎవరికైనా ఏమవుద్దో మాకూ అదే అవుద్ది. తాళం తీయండి."

"అది ఆఫీసోళ్లకమ్మా. ఇన్నాళ్లూ లేనిది ఇయ్యాల ఏందిది కొత్తగా?"

"ఇన్నాళ్లూ మేం తాగలేదయ్యా."

ఆయన చుట్టూ చూశారు. లారీ డ్రైవరు దిగి చూస్తున్నాడు, హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. పదిమంది చూస్తుంటే పెద్దమనిషికి పట్టుదల పెరుగుతుంది.

"ఇష్టం లేనోళ్లు పోవచ్చు. రేపు వేరేవాళ్లని పిలిపిస్తా."

సువార్తమ్మ గుండె ఎలా కొట్టుకుందో నేను చెబితేనే తెలుస్తుంది, ఆమె ముఖం చూస్తే తెలియదు. పని పోతే ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా కాళ్లు అక్కడినుంచి కదల్లేదు.

"పిలిపించుకోండయ్యా. వాళ్లకీ దాహమవుద్ది."

ఎవరో కిసుక్కున నవ్వారు. లారీ డ్రైవరే అనుకుంటా. సువార్తమ్మ నవ్వలేదు.

"బాబూ, నాకు జ్వరమొచ్చి మూత్రపిండాలు పోబోయినయ్. డాక్టరమ్మ నీళ్లు తాగమంది. నేను బతకాలంటే తాగాల. తాగితే పోవాల. ఈ రెండిట్లో మీరు ఏది వద్దంటారో చెప్పండి."

శేషగిరిరావు గారికి చక్కెర జబ్బు. కాయల రాశుల మధ్య కూర్చున్నవాళ్లకు ఆయన రోజంతా ఆ తలుపులోకి వెళ్లడం, రావడం కనిపిస్తూనే ఉంటుంది. బేరం సగంలో ఉండగా, ఫోను చెవిన ఉండగా, ఒక్కోసారి పరుగులాంటి నడకతో వెళ్లేవారు. ఆపుకోవడం అంటే ఏమిటో ఆ ఆవరణలో ఈ ఆడవాళ్ల తర్వాత బాగా తెలిసినవారు ఆయనే. ఎర్ర దుమ్ము పట్టిన ఆ ముఖాల వరసను ఆయన ఒక చివరినుంచి మరో చివరిదాకా చూశారు. చేయి జేబులోకి వెళ్లింది.

"ముందు చెప్పుండొచ్చు కదమ్మా" అన్నారు. గొంతులో కోపం ఉంది గానీ చూపు నేల మీదికి దిగింది. తాళంచెవి సువార్తమ్మ చేతిలో పెట్టారు.

లోపల గచ్చు చల్లగా ఉంది. సువార్తమ్మ తలుపు వేసుకుంది. మూత్రాశయం ముడుచుకుంది, నేను బయటికి వచ్చాను. మంట లేదు, పోటు లేదు. నాలో ఆమె ఒంటి మురికి ఉంది, మిగిలిపోయిన ఉప్పు ఉంది. వాటిని మోసుకుని బయటికి రావడం నాకు చిన్నతనంగా అనిపించలేదు. లోపలికి వెళ్లే నీళ్లకు అందరూ దణ్ణం పెడతారు, బయటికి వచ్చేవాటిని చూసి ముఖం తిప్పుకుంటారు. నిజానికి పని పూర్తి చేసి వచ్చేవి ఇవే. గొట్టంలోంచి దిగుతుంటే పైన సువార్తమ్మ ఊపిరి వదలడం వినిపించింది. అంత పొడుగు ఊపిరి ఆమె ఒంట్లో ఉన్నన్నాళ్లూ నేను వినలేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. "రా ఖాసింబీ" అన్న పిలుపు.

గుంటలోంచి మట్టిలోకి మెల్లగా ఇంకాను. మురికి మట్టికి వదిలేసి మళ్లీ తేటపడుతున్నాను. ఇక్కడ నాకు తొందర లేదు. కొన్నాళ్లకు ఎండ నన్ను పైకి లాగుతుంది, లేదా ఏ వేరో తాగుతుంది. ఎటైనా సరే. ఎన్ని ఒళ్లలోంచి వచ్చినా, నేను అరిగిపోయేదాన్ని కాను.

ఈ మధ్య తల మీద గడ్డపారల చప్పుడు వినిపిస్తోంది. ఆఫీసు ఒక్క బాత్రూముతో రోజూ తగవులయ్యాయట. యజమాని వెనక గోడ పక్కన ఆడవాళ్లకని రెండు గదులు కట్టిస్తున్నారు. మేస్త్రి తలుపులు బిగిస్తుంటే, సువార్తమ్మ దగ్గర నిలబడి గట్టిగా చెబుతోంది:

"నాయనా, గడెలు లోపలికి పెట్టు. బయట తాళానికి కొక్కెం మాత్రం పెట్టబాక."