బీరువాలోంచి దారి

మా బావ వడ్రంగి. కొట్టు ఇరుకని, కాలిబాటకి అడ్డంగా నిలబెట్టి ఒక బీరువా చేశాడు. అది ఎంత పెద్దదంటే, దాని నీడకి ఎదురింటివాళ్ళు మిట్టమధ్యాహ్నమే దీపం వెలిగించుకునేవారు. కొన్నవాళ్ళ లారీ సాయంత్రానికి గానీ రాదు. ఈలోగా మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు.

"జనం నడిచే దారికి అడ్డం పెట్టావు. లోపలికి జరుపు, లేకపోతే మా బండెక్కించుకుపోతాను."

"గుమ్మంలో పట్టదండీ," అన్నాడు బావ.

"చేసేముందు గుమ్మం కొలుచుకోలేదా బావా?" అన్నాను.

"నోరు మూసుకుని ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వరా."

ఇన్నాళ్ళ కష్టం పోతుందని నేను కంగారుగా స్క్రూడ్రైవరు అందిస్తే, బావ తాపీగా అరలు లాగేసి, వెనక చెక్క ఊడదీసి, తలుపులు బార్లా తెరిచాడు.

"ఇదిగోనండీ దారి."

ఒక ముసలావిడ గొడుగు మూసి, అడుగుచెక్కని గడపలా దాటి, నీడపట్టున నడిచి వెళ్ళిపోయింది. వెనకాలే బడిపిల్లలు, ఒక మేక. చివరికి ఇన్‌స్పెక్టరూ ఇటు దూరి అటు తేలాడు, తలుపు అద్దంలో క్రాపు సరిచేసుకుని మరీ.

"సాయంత్రం దాటిందో, ఊరుకోను," అన్నాడు.

దాటలేదు. వేళకే లారీ వచ్చి బీరువాని తీసుకెళ్ళింది. అయినా ఆ చోటికి రాగానే జనం ఇప్పటికీ కాలెత్తి లేని గడప దాటుతారు, ఇన్‌స్పెక్టరుతో సహా.